కిటికీ ఎటు తెరవాలి

గోదావరి డెల్టాలోని ఒక పట్నంలో ఒక ట్రస్టు ఆసుపత్రి కట్టబోతోంది. స్థలానికి తూర్పున పంటకాలువ, ఆ గట్టు వెంట కొబ్బరితోట. పడమట ఒక కల్యాణమండపం వెనకగోడ. మూడంతస్తుల ఎత్తున్న ఆ గోడకు ఒక్క కిటికీ లేదు, సున్నం కూడా వేయలేదు. ప్లాను వేసిపెట్టమని ట్రస్టువాళ్ళు ఆర్ అండ్ బిలో చేసి రిటైరైన ఒక ఇంజనీరుగారిని అడిగారు, ఆయన వేసిపెట్టారు. ఆయన మేనకోడలు ఆర్కిటెక్టు, విజయవాడలో విద్యార్థులకు పాఠాలు చెబుతుంది. సెలవులకు వచ్చిన ఆ అమ్మాయి ప్లాను మీద ఎర్రపెన్సిలుతో గీతలు కొట్టింది. అక్కడ మొదలైంది వాదన.

భవనం మనిషికి తెలియకుండా మనిషి మీద పనిచేస్తుందా, చేస్తే దానికోసం డబ్బు ఖర్చు పెట్టాలా అన్నదే తగవు. పక్కన కూర్చుని విన్నాను. నా పక్షం ముందే చెప్పేస్తాను, నేను అమ్మాయి వైపే. అయినా మామయ్య వేసిన కొన్ని ప్రశ్నలకు నా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. అందుకే ఆయన మాటలను కత్తిరించకుండా రాస్తున్నాను.

ఇంజనీరు: ముందు ఈ ఎర్రగీతల సంగతి చెప్పు. టాయిలెట్లు, మెట్లు, లిఫ్టు తూర్పున పెట్టాను. మురుగు శుద్ధిచేసే ట్యాంకు ఆ మూలే వస్తుంది, వాలు కూడా అటే. వార్డులు పడమటి వైపు వచ్చాయి. నువ్వు మొత్తం తిరగేశావు. పైపుల పొడవు ఎంత పెరుగుతుందో లెక్క చూశావా?

ఆర్కిటెక్టు: చూశాను మామయ్యా, పెరుగుతుంది. కానీ మీ ప్లానులో కాలువ, తోట ఎవరికి కనబడతాయి? మెట్లెక్కేవాళ్ళకీ టాయిలెట్‌కి వెళ్ళేవాళ్ళకీ. కడుపు కోయించుకుని కదల్లేక పడుకున్న మనిషికి మాత్రం కల్యాణమండపం గోడ మిగిలింది.

ఇంజనీరు: ఆ గోడ మనకు మేలే చేస్తుంది. మధ్యాహ్నం దాటాక పడమటెండ వార్డులోకి రాకుండా ఆపుతుంది. ఆ లాభం నీకు కనబడలేదా? రోగి వచ్చేది తోట చూడ్డానికి కాదమ్మా. మంచి డాక్టరు, మందు, నర్సు, శుభ్రమైన నీళ్ళు ఉంటే గొడ్లసావిట్లో పడుకోబెట్టినా మనిషి లేచి కూర్చుంటాడు. నా సర్వీసులో ఆసుపత్రులు కట్టాను, ఆఫీసులు కట్టాను, హాస్టళ్ళు కట్టాను. కప్పు కారుతోందని అర్జీలు వచ్చాయి, గోడ పగిలిందని వచ్చాయి, లిఫ్టు ఆగిందని వచ్చాయి. "కిటికీ లోంచి కనబడేది నన్ను బాధిస్తోంది" అని ఒక్క కాగితం రాలేదు.

ఆర్కిటెక్టు: రాదు మామయ్యా. నా బాధంతా దాని గురించే. కప్పు కారితే కారణం కంటికి కనబడుతుంది కాబట్టి అర్జీ రాస్తారు. ఇది అలా కాదు. నిద్ర పట్టలేదనో, నొప్పి ఎక్కువగా ఉందనో, పిలిస్తే నర్సు పలకలేదనో మనిషి విసుక్కుంటాడు. ఆ విసుగును రోగం మీదో నర్సు మీదో తన రాత మీదో వేసుకుంటాడు గానీ ఎదురుగా ఉన్న గోడ మీద వేయడు. ఫిర్యాదు రాకపోతే బాధ లేదని మీరు లెక్కేశారు. బాధ ఉండి, అది ఎక్కడినుంచి వస్తోందో తెలియకపోయినా ఫిర్యాదు రాదు కదా.

ఇంజనీరు: మాట బాగుంది. కానీ ఆ లెక్కన ఏదైనా చెప్పొచ్చు. మనిషికి తెలియదు, చెప్పడు, అయినా ఉందంటావు. మరి ఉందని నీకెలా తెలిసింది?

ఆర్కిటెక్టు: మనిషిని అడక్కుండా, అతని కేస్ షీట్‌ను అడిగితే తెలుస్తుంది. రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు ఆ పనే చేశాడు. 1984లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. అమెరికాలో పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రి. 1972 నుంచి 1981 దాకా అక్కడ గాల్‌బ్లాడర్ తీయించుకున్నవాళ్ళ రికార్డులు తీశాడు. ఆ వార్డులో కొన్ని గదుల కిటికీలోంచి చెట్లు కనబడతాయి, కొన్నింటిలోంచి గోధుమరంగు ఇటుకగోడ కనబడుతుంది. మిగతాదంతా ఒకటే, నర్సులు కూడా వాళ్ళే. వయసూ, ఆడా మగా, పొగతాగే అలవాటూ, ఒంటి బరువూ అన్నీ సరిపోయేలా చూసి, చెట్టువైపు ఒకరూ గోడవైపు ఒకరూ చొప్పున 23 జతలు కట్టాడు. రికార్డుల్లోంచి వివరాలు ఎత్తిరాసిన నర్సుకు ఏ రోగి ఎటువైపు ఉన్నాడో తెలియదు. చెట్టువైపు వాళ్ళు ఆపరేషన్ తర్వాత సగటున 7.96 రోజులకు ఇంటికెళ్ళారు. గోడవైపు వాళ్ళకు 8.70 రోజులు పట్టింది. రోగి ఏడుస్తున్నాడు, ధైర్యం చెప్పాల్సి వస్తోంది అంటూ నర్సులు రాసుకునే మాటలు చెట్టువైపు వాళ్ళకు తలకు ఒకటి కాస్త మించి ఉంటే, గోడవైపు వాళ్ళకు దాదాపు నాలుగు. రెండో రోజు నుంచి అయిదో రోజు దాకా గోడవైపు వాళ్ళకు గట్టి నొప్పి ఇంజెక్షన్లు ఎక్కువ పడ్డాయి, చెట్టువైపు వాళ్ళకు మామూలు మాత్రలతో సరిపోయింది.

ఇంజనీరు: మరి మొదటి రోజు?

ఆర్కిటెక్టు: మొదటి రోజు తేడా లేదు. మత్తులో ఉన్నవాళ్ళు కిటికీ వైపు ఏం చూస్తారు!

ఇంజనీరు: 23 జతలన్నావు. అంటే నలభై ఆరుగురు. వంతెన కట్టేటప్పుడు కాంక్రీటు నాణ్యత తేల్చడానికే మేం అంతకన్నా ఎక్కువ క్యూబులు పగలగొడతాం. తేడా కూడా ముప్పావు రోజు. ఒక్క ఆసుపత్రి, ఒక్క ఆపరేషన్, ఒక్క గోడ. దాన్ని పట్టుకుని నా పైపులు తిప్పమంటావా?

ఆర్కిటెక్టు: చిన్న లెక్కే, ఒప్పుకుంటాను. నలభై ఏళ్ళుగా దాని మీద మోపుతున్న బరువుకు ఆ భుజాలు చాలవు కూడా. కానీ అందులో ఒక నిజాయితీ ఉంది. అది తిరగబడే అవకాశం ఉన్న లెక్క. గోడవైపు వాళ్ళే ముందు లేచి ఉంటే అదే అచ్చయ్యేది. ఇంకోటి కూడా ఉంది. కెనడాలో ఎడ్మంటన్‌లో ఒక మానసిక వైద్య వార్డు. కొన్ని గదుల్లో ఎండ బాగా పడుతుంది, కొన్నింటిలో పడదు. తీవ్రమైన దిగులుతో చేరిన 174 మంది రికార్డులు చూశారు. ఎండ గదుల్లో వాళ్ళు సగటున 16.9 రోజులు ఉన్నారు, చీకటి గదుల వాళ్ళు 19.5 రోజులు. 1996లో వచ్చింది.

ఇంజనీరు: ఇక్కడ నిన్ను ఆపాలి. ఎండ మందులాంటిది. కంట్లోంచి వెళ్ళి నిద్రనూ మెలకువనూ సరిచేస్తుంది. అది ఒంటి సంగతి. దాన్ని తీసుకొచ్చి 'భవనం అందం మనసు మీద పనిచేస్తుంది' అనే ఖాతాలో వేయకు.

ఆర్కిటెక్టు: అందమని నేననలేదే! ఎండ లోపలికి రావాలా వద్దా అని నిర్ణయించేది ఎవరు మామయ్యా? డాక్టరు మందుచీటీ మీద కిటికీ రాయడు. మీరు ప్లాను మీద గీస్తేనే ఉంటుంది. ఒంటి దారిన పనిచేసినా మనసు దారిన పనిచేసినా, మనిషికి తెలియకుండా పనిచేస్తోంది, చేయిస్తున్నది మీ గీత.

ఇంజనీరు: వాస్తు పంతులు కూడా అచ్చం ఇదే చెబుతాడు. నీకు తెలియదు గానీ ఈశాన్యం పనిచేస్తోంది, ఆగ్నేయం పనిచేస్తోంది అంటాడు. నీకూ ఆయనకూ తేడా ఏమిటి?

ఆర్కిటెక్టు: తప్పు అని తేలే దారి. ఈశాన్యంలో మెట్లు పెట్టి బాగుపడినవాణ్ణి చూపిస్తే, అతని జాతకబలం అంటారు. దేనికైనా జవాబు ఉంటుంది కాబట్టి అది ఎప్పటికీ ఓడదు. ఉల్రిచ్ లెక్క ఓడొచ్చు. అలాగని పాతవాళ్ళు చూసినదంతా కొట్టేయను. వీధిపోటునే తీసుకోండి. వీధి నేరుగా వచ్చి గుమ్మానికి గుచ్చుకునే ఇల్లు ఎవరూ కొనరు. గ్రహాల సంగతి పక్కనబెట్టండి. ఆ ఇంట్లో కూర్చున్నవాడికి వీధిలో వచ్చే ప్రతి మనిషీ తన మీదికే వస్తున్నట్టుంటుంది. రాత్రి ప్రతి బండి లైటూ గోడమీద పాకుతుంది. ఒళ్ళు ఊరికే అప్రమత్తంగా ఉంటుంది. ఆ అసౌకర్యం ఎవరో గమనించారు, దానికి పేరు పెట్టారు. పేరు నిలిచింది, కారణం పోయింది.

ఇంజనీరు: ఊఁ.

ఆర్కిటెక్టు: మీరూ రోజూ గమనించేదే ఒకటి చెప్పనా? మన ఏరియా ఆసుపత్రి ఓపీ హాల్లో పొద్దున్నే ఏ కుర్చీలు ముందు నిండుతాయి?

ఇంజనీరు: గోడవారవి.

ఆర్కిటెక్టు: మధ్యలో వేసిన వరసలు?

ఇంజనీరు: చివర నిండుతాయి. హోటల్లోనూ అంతే. గోడకు ఆనుకున్న బల్ల దొరక్కపోతేనే మధ్యకు వెళతాం.

ఆర్కిటెక్టు: వీపుకు ఒక అండ, కళ్ళముందు ఖాళీ. జే ఆపిల్టన్ అనే ఇంగ్లండ్ భూగోళ శాస్త్రవేత్త 1975లో రాసిన పుస్తకంలో దీన్నే సిద్ధాంతం చేశాడు. తాను కనబడకుండా నలుగురినీ చూడగల చోటు మనిషికి హాయినిస్తుందని, అది వేటాడి బతికిన రోజుల నుంచి వచ్చిన గుణమని. వేట సంగతి రుజువు చేయడం కష్టం, దాని మీద నేను పట్టుబట్టను. కానీ మన వీధి అరుగు చూడండి. వెనక ఇంటి గోడ, పైన చూరు నీడ, ముందు వీధంతా. దాని మీద కూర్చున్న తాతగారికి ఎవరూ ఆపిల్టన్‌ను చదివి వినిపించలేదు. పొద్దుపోయేదాకా లేవరు, అంతే. అదే తాతగారిని ఈ వార్డులో ఎలా పడుకోబెట్టారు మీరు? తల తలుపు వైపు. ఎవరొస్తున్నారో తెలియదు, చప్పుడే వినబడుతుంది. మెడ తిప్పితే కుట్లు లాగుతాయి.

ఇంజనీరు: ఆక్సిజన్ పైపులు ఆ గోడకు వచ్చాయి కాబట్టి తల అటు పెట్టాను. అది మార్చొచ్చు. రాసుకున్నాను. పైసా ఖర్చు లేనిది ఏదైనా చెప్పు, వింటాను. ఖర్చున్నదానికే నాకు రుజువు కావాలి.

ఇక్కడ ఒక్క మాట. ఇంజనీరుగారిది మొండితనం అనుకోకూడదు. ప్రభుత్వ నిధులతో కట్టే ప్రతి అంగుళానికీ ఎస్టిమేట్‌లో జవాబు చెప్పుకుంటూ వచ్చినవారాయన. పెద్ద మాటలు చెప్పి ఖరీదైన కట్టడాలు అమ్మేవాళ్ళను చాలామందిని చూశారు. తెలియకుండా పనిచేసే శక్తులంటే ఆయనకు ఆ అనుమానం ఉండటం న్యాయమే. అయితే ఆ తర్వాత ఆసుపత్రి ముఖభాగం గురించి మాట వచ్చినప్పుడు ఆయన వాదన ఆయనకే అడ్డం తిరిగింది.

ఆర్కిటెక్టు: ఖర్చన్నారు కాబట్టి అడుగుతున్నాను. ముందువైపు కింది నుంచి పైదాకా నీలి అద్దాలు వేశారే, అవెందుకు? పైపుల కన్నా వాటికే ఎక్కువవుతుంది.

ఇంజనీరు: ట్రస్టువాళ్ళు అడిగారు, నేనూ సరే అన్నాను. అద్దాల భవనం చూస్తే జనానికి నమ్మకం కుదురుతుంది, లోపల పెద్ద డాక్టర్లున్నారని, మంచి మిషన్లున్నాయని. పెంకుటింట్లో స్కానింగ్ మిషన్ పెడితే ఎవరొస్తారు?

ఆర్కిటెక్టు: అంటే ఎవరూ నోటితో చెప్పకుండానే గోడ జనానికి ఏదో చెబుతుందని మీరూ ఒప్పుకుంటున్నారు.

ఇంజనీరు: నమ్మకం కలగడం వేరు, రోగం నయం కావడం వేరు. మొదటిది నేనెప్పుడూ కాదనలేదు.

ఆర్కిటెక్టు: సరే, మొదటిదాన్నే చూద్దాం. ఆ అద్దం ఎవరికి నమ్మకం ఇస్తుంది? కారులో దిగినవాడికి ఇస్తుంది. లంక గ్రామం నుంచి ఆటోలో వచ్చిన ముసలమ్మ ఆ అద్దం ముందు నిలబడి ముందు ఏమనుకుంటుంది? ఇక్కడ చూపించుకుంటే ఎంతవుతుందోనని. తలుపు ఎక్కడుందో తెలియదు, తోయాలో లాగాలో తెలియదు. లోపల మెరిసే గ్రానైట్ నేల చూసి చెప్పులు విప్పేస్తుంది. మీరు చూడలేదా? బ్యాంకుల్లో, కొత్త క్లినిక్కుల్లో ఎవరూ చెప్పకుండానే చెప్పులు గుమ్మం బయట విప్పి వస్తారు. బోర్డు ఉండదు, కాపలావాడు అడగడు. నేల అడుగుతుంది. 'ఇది నీ చోటు కాదు, ఒద్దికగా ఉండు' అని నేల చెప్పింది, ఆవిడ కాళ్ళు విన్నాయి. అలా ఒదిగి కూర్చున్న మనిషి డాక్టరు ముందు తన బాధ పూర్తిగా చెప్పుకోగలదా? ధర్మాసుపత్రి కట్టి, ధర్మం ఎవరికోసమో వాళ్ళనే గుమ్మం దగ్గర భయపెడితే ఎలా మామయ్యా?

(ఇది విన్నాక నేనూ నోరు విప్పాను. పల్లెటూరి సహకార బ్యాంకుల్లో, పాతకాలపు తాలూకా ఆఫీసుల్లో అరిగిన నాపరాళ్ళ మీద రైతులు చెప్పులతోనే నడుస్తారు, గొంతెత్తే మాట్లాడతారు. కొత్త భవనంలోకి మారగానే వాళ్ళే గొంతు తగ్గిస్తారు. మేనేజరు అదే మనిషైనా సరే. ఈ మార్పు చూసినవాళ్ళు చాలామంది ఉంటారు.)

ఇంజనీరు: నేల సంగతి నిజం. నేనూ చూశాను. కానీ అది నేల చేసిన పనా, అలవాటు చేసిన పనా? చెప్పులు విప్పడం గుడి నుంచి, ఇంటి గడప నుంచి వచ్చింది. మెరిసే నేల ఊరంతా వచ్చాక పదేళ్ళకు ఎవరూ విప్పరు. అంటే నువ్వు చెప్పే ఈ తెలియని శక్తి రాతిలో లేదు, పెంపకంలో ఉంది.

ఆర్కిటెక్టు: కొంత పెంపకమే. ఏది పుట్టుకతో వచ్చిందో, ఏది నేర్చుకున్నదో గీత గీసి చెప్పలేను. పుట్టుకతో వచ్చినా నేర్చుకున్నా, ఇవాళ ఆ ముసలమ్మ మీద పనిచేస్తోంది కదా. ఆసుపత్రి తెరిచేది ఇవాళ.

ఇంజనీరు: గుడి మాటెలాగూ వచ్చింది. మీ ఆర్కిటెక్టులు గుడి గురించి కూడా ఇలాగే చెబుతారు, చీకటి వల్ల మౌనం వచ్చిందని. గుడిలో గొంతు తగ్గేది భక్తితోనమ్మా.

ఆర్కిటెక్టు: భక్తితోనే. కానీ గోపురం దాటాక నడక ఎలా మారుతుందో చూడండి. ముందు ఆరుబయటి ప్రాకారం, తర్వాత స్తంభాల మండపం, అంతరాళం, చివర గర్భగుడి. పోనుపోను కప్పు దిగుతుంది, వెలుతురు సన్నగిల్లుతుంది, చోటు ఇరుకవుతుంది. కాళ్ళు వాటంతటవే నెమ్మదిస్తాయి. రామప్ప గుడి కట్టించిన రేచర్ల రుద్రుడి స్థపతులకు 1213 నాటికే ఈ సంగతి బాగా తెలుసు. దేవుడి మీద నమ్మకం లేనివాళ్ళు కూడా అక్కడ మెల్లిగానే మాట్లాడతారు.

ఇంజనీరు: పక్కవాళ్ళు మెల్లిగా మాట్లాడుతున్నారు కాబట్టి.

ఆర్కిటెక్టు: కావచ్చు. పక్కవాళ్ళను తీసేసి గుడిని పరీక్షించలేం. ఆ మాట మీదే.

ఇంజనీరు: మీవాళ్ళ పరీక్షలు ఇంకా ఏవో ఉన్నాయి కదా, పైకప్పు ఎత్తు గురించి.

ఆర్కిటెక్టు: ఉంది. 2007లో జోన్ మేయర్స్-లెవీ, రుయి జూ అని ఇద్దరు చేశారు. పది అడుగుల కప్పు కింద కూర్చున్నవాళ్ళు విషయాల మధ్య సంబంధాలు ఎక్కువ పట్టుకున్నారని, ఎనిమిది అడుగుల కప్పు కింద వాళ్ళు వివరాల మీద ఎక్కువ నిలిచారని. దాన్ని మీ ముందు రుజువుగా పెట్టను. గదిలో కాసేపు కూర్చోబెట్టి చేసిన పరీక్షకూ, వారం రోజులు పడుకునే వార్డుకూ చాలా దూరం. వంపు గోడలు నచ్చుతాయని మెదడు స్కానర్లో ఫొటోలు చూపించి చేసిన పరీక్షలూ ఉన్నాయి, వాటి మీదా నేను డబ్బు పెట్టించను. నడిచే మనిషి మీద చేసినవాటికే నా దగ్గర విలువ. కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త కాలిన్ ఎలార్డ్ 2011లో న్యూయార్క్ వీధుల్లో జనం చేతికి చర్మం స్పందన కొలిచే పట్టీలు కట్టి నడిపించాడు. ఒక పెద్ద దుకాణం అద్దాల గోడ వీధి పొడుగునా ఏమార్పూ లేకుండా సాగుతుంది. దాని ముందుకు వచ్చేసరికి వాళ్ళలో ఉత్సాహం చచ్చిపోయింది. నాలుగడుగులు దాటి చిన్న హోటళ్ళు, తలుపులు, మనుషులు ఉన్నచోటికి వచ్చేసరికి మళ్ళీ లేచింది. మీ నీలి అద్దాల గురించే చెబుతున్నాను.

ఇంజనీరు: అద్దాలు తీసేద్దాం. ట్రస్టువాళ్ళకు నేను చెబుతాను. ముందు వరండా, పెంకు చూరు, కూర్చోడానికి అరుగులు పెడదాం. ఖర్చు తగ్గుతుంది కాబట్టి తేలిగ్గానే ఒప్పుకుంటారు. కానీ తూర్పు కిటికీ సంగతి ఇంకా తేలలేదు. నన్ను అసలు వేధించే ప్రశ్న అడుగుతాను. అమెరికాలో సెయింట్ లూయిస్‌లో పేదవాళ్ళు ఉండటానికి ప్రూయిట్-ఐగో అని 33 భవనాలు కట్టారు, ఒక్కోటి 11 అంతస్తులు. 1950లలో కట్టినవి, 1972 నుంచి కూల్చడం మొదలుపెట్టారు. గీసినవాడు మినోరు యమసాకి. దొంగతనాలు, విధ్వంసం, ఖాళీ ఇళ్ళు. ప్రపంచమంతా ఆ పొడుగాటి కారిడార్లను, ఆ డిజైన్‌ను తిట్టింది, మనిషిని మృగంగా మార్చిందని. 1991లో కేథరిన్ బ్రిస్టల్ అనే ఆవిడ అదంతా కట్టుకథ అని రాసింది. పేదవాళ్ళు కట్టే అద్దెలతోనే నిర్వహణ సాగాలన్నారు. ఊరు ఖాళీ అయిపోతోంది, అద్దెలు రాలేదు, మరమ్మతులు ఆగిపోయాయి. డబ్బు చేసిన పాపాన్ని గోడల మీద వేశారు. ఇక్కడా అదే జరుగుతుందని నా భయం. నీ కిటికీలకు ప్రాణం ఎక్కువ పోస్తే, రేపు రోగి లేవకపోతే కిటికీనే తిడతారు. రాత్రి డ్యూటీకి ఎంతమంది నర్సులున్నారని ఎవరూ అడగరు.

ఈ ప్రశ్నకు అమ్మాయి వెంటనే జవాబు చెప్పలేదు. చెప్పకపోవడమే నాకు నచ్చింది. ఇలాంటి వాదనలో ఇంతకన్నా బలమైన మాట లేదు. భవనం గురించి మాట్లాడటం చాలాసార్లు జీతాల గురించి మాట్లాడకుండా తప్పించుకోవడానికి పనికొస్తుంది.

ఆర్కిటెక్టు: నర్సులు తక్కువైతే ఏ కిటికీ కాపాడదు. అది నేను రాసిస్తాను. కానీ రెండు మాటలు వినండి. ఆధునిక నర్సింగ్‌కు పునాది వేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లోనే రాసింది, కిటికీలోంచి బయటికి చూడలేని జ్వరం రోగి పడే యాతన గురించి, రంగులూ పువ్వులూ మనసుకే కాదు ఒంటికీ మేలు చేస్తాయని. నర్సా కిటికీనా అన్న పోటీ ఆవిడకు తోచలేదు. రెండోది ఆ ప్రూయిట్-ఐగోలోనే ఉంది. అక్కడ లిఫ్టు ప్రతి అంతస్తులోనూ ఆగదు, మూడింటికొకసారి ఆగుతుంది. మిగతా దూరం చీకటి మెట్ల మీద నడవాలి. ఆ మెట్ల మీదే జనం దెబ్బలు తిన్నారు, దోపిడీకి గురయ్యారు. లిఫ్టు అలా ఎందుకు ఆగేది? ఖర్చు తగ్గించడానికి. డబ్బు వేరు, డిజైన్ వేరు అంటున్నారు మీరు. డబ్బు లేమి మనిషిని తాకింది ఆ డిజైన్ దారినే కదా. ఎస్టిమేట్‌లో ఒక అంకె తగ్గింది, అది మెట్ల మీద చీకటైంది. మీ పైపులో మిగిలే డబ్బు కూడా ఇంకోచోట ఒకరి కంటిముందు గోడ అవుతుంది.

ఇంజనీరు: సరే. నీ పక్షాన్ని నేనే ఒకసారి బలపరుస్తాను, తర్వాత అడుగుతాను. కిటికీ తూర్పుకు తిప్పావనుకో. దాని అడుగు అంచు, సిల్, మూడడుగుల ఎత్తున వేశావు, మామూలుగా వేసినట్టే. మంచం రెండడుగులు దాటుతుంది, దిండు మీద తల. పడుకున్నవాడి కంటికి ఏం కనబడుతుంది?

ఆర్కిటెక్టు: ఆకాశం.

ఇంజనీరు: నీ తోటా కనబడదు, కాలువా కనబడదు. ఇంత వాదించి నువ్వే నిలబడి గీశావు.

ఆర్కిటెక్టు: అవును, సిల్ రెండడుగులకు దించాలి. బయట గ్రిల్ వేద్దాం. ఫిన్లాండ్‌లో పైమియో క్షయ ఆసుపత్రి 1933లో పూర్తయింది, ఆల్వార్ ఆల్టో కట్టాడు. పడుకున్న మనిషి కోసమే గది గీశానని ఆయనే చెప్పుకున్నాడు. రోజంతా చూడాల్సింది కప్పునే కాబట్టి దానికి కళ్ళకు నెమ్మదైన ఆకుపచ్చ వేయించాడు, దీపం పడుకున్నవాడి కంట్లో పడకుండా అమర్చాడు, పక్కవాడు చేతులు కడుక్కుంటే నీళ్ళు చప్పుడు చేయకుండా సింకు వంపు తిప్పాడు. మన వార్డుల్లో ట్యూబ్‌లైటు సరిగ్గా మంచం మధ్యకు, కళ్ళకెదురుగా పెడతాం.

ఇంజనీరు: అది కూడా రాసుకున్నాను. ఇక నా షరతు విను. నీ గీతల ప్రకారం కట్టినా సర్జికల్ వార్డు పడకలన్నీ తూర్పుకు రావు. స్థలం అంత లేదు. సగం తోటవైపు, సగం గోడవైపు వస్తాయి. అదే అంతస్తు, అదే సర్జను, అవే నర్సులు. పెన్సిల్వేనియాలో చేసిన లెక్క ఇక్కడ చెయ్యి. నొప్పి ఇంజెక్షన్లు ఎన్ని పడ్డాయో, ఎన్నో రోజున డిశ్చార్జ్ అయ్యారో కేస్ షీట్‌లో ఉంటుంది. ఏ పడకో చూడకుండా ఇంకెవరో ఎత్తిరాయాలి.

ఆర్కిటెక్టు: ఒప్పుకుంటాను. నాకూ ఒక షరతు ఉంది. ఏది ఖాళీగా ఉంటే ఆ పడక ఇవ్వాలి. సిఫారసు మీద ఇస్తే లెక్క పాడవుతుంది.

ఇంజనీరు: సిఫారసులు రాకుండా ఎలా ఉంటాయి? ట్రస్టువాళ్ళ బంధువు చేరితే తోటవైపు పడకే అడిగి తీసుకుంటాడు.

ఆర్కిటెక్టు: తోటవైపే ఎందుకు అడుగుతాడు మామయ్యా?

ఇంజనీరు: ఇష్టం కాబట్టి. ఇష్టం లేదని నేనెప్పుడన్నాను? ఇష్టపడటానికీ ముందుగా లేవడానికీ సంబంధం చూపించమంటున్నాను. అలాంటి వాళ్ళ కేస్ షీట్లు లెక్కలోంచి తీసేయండి. ఇంకోటి, మీ ఉల్రిచ్ ఏడాది పొడుగునా చూశాడా?

ఆర్కిటెక్టు: లేదు. మే మొదలు అక్టోబరు ఇరవై దాకా చేరినవాళ్ళనే తీసుకున్నాడు. ఆ తర్వాత అక్కడి చెట్లకు ఆకులుండవు. కొబ్బరికి ఆ ఇబ్బంది లేదు, పన్నెండు నెలలూ రాసుకోవచ్చు.

ఇంజనీరు: అయితే దక్షిణం వైపు తర్వాత కట్టబోయే రెండో బ్లాకు ఆ లెక్క చూశాకే గీస్తాను. తేడా రాకపోతే టాయిలెట్లు కాలువ వైపే వస్తాయి, నువ్వు ఎర్రపెన్సిలు తీయకూడదు.

ఆర్కిటెక్టు: వస్తే?

ఇంజనీరు: వస్తే కాలువ వైపు పడకలు తప్ప ఇంకేం పెట్టను. ముందు మొదటి బ్లాకు ఎస్టిమేట్ మార్చాలి. ఆ పైపు కొలతలు చదువు, రాసుకుంటాను.